పక్క చర్మం

ఆటో కల్వర్టు దగ్గర ఆగింది. అందులోంచి మొదట ఒక బోడిగుండు దిగింది. దాని వెనకాలే ఇంకో బోడిగుండు దిగింది.

బోడిగుండుకూ మోకాలికీ ముడిపెట్టాలంటే కాస్తో కూస్తో తెలివి కావాలి. బోడిగుండుకూ బోడిగుండుకూ ముడిపెట్టడానికి ఆ పాటి తెలివి కూడా అక్కర్లేదు. పైగా కల్వర్టు పక్కన ఉన్నది వెంకయ్య టీకొట్టు. అక్కడ టీ కంటే టీకాతాత్పర్యం చిక్కగా దొరుకుతుంది.

మొదట దిగిన గుండు వెంకటశేషమ్మది. రెండెకరాల మాగాణీ, ఒక గేదె, ఒక మొగుడు ఉన్న రైతు మనిషి. తిరపతి కొండ మీద తలనీలాలిచ్చి వస్తోంది. నెత్తిన పూసుకున్న చందనం ఎండి పెచ్చులు కట్టింది. రెండో గుండు ఎలిశబెతుది. నెల్లూరు పెద్దాసుపత్రిలో నెత్తి మీది కంతులు తీయించుకుని వస్తోంది. ఇద్దరూ నెల్లూరు బస్టాండులో ఒకరికొకరు తగిలారు. విడవలూరులో బస్సు దిగి ఒకే ఆటో ఎక్కారు. అంతే సంగతి. కానీ ఆ 'అంతే' చెప్పడానికి టీకొట్టులో ఎవరూ లేరు.

ఎలిశబెతు దిగేసరికి సముద్రపు గాలి ఒక్క విసురు విసిరింది. నెత్తి మీది కొంగు భుజాల మీదికి జారింది. కొట్టు ముందు కూర్చున్నవాళ్ళకు నున్నటి గుండూ, నుదుటి పైదాకా పాకిన పసుపుపచ్చటి మందూ కనిపించాయి. చూసే కళ్ళకు అది చందనమంటే చందనమే. నడినెత్తి వెనక కొడవలిలా తిరిగిన కుట్ల గీత మాత్రం సముద్రం వైపు ఉంది. సముద్రాన్ని సాక్ష్యానికి ఎవరు పిలుస్తారు?

చివరగా ఆమె భర్త క్రీస్తురాజు దిగాడు. రొయ్యల గుంటల దగ్గర కాపలా మనిషి. ఎవరి బరువు కనపడినా ఎత్తుకోవడం అలవాటు. వెంకటశేషమ్మ సంచీ కూడా అతని భుజానే ఉంది. ఆ సంచీలో లడ్లున్నాయి. ఎంతటి కాపలాదారుడైనా నెయ్యివాసనను కాపలా కాయలేడు.

"ఏం రాజన్నా, దర్శనం బాగా అయినట్టేనా?" అన్నాడు వెంకయ్య, గ్లాసు కడుగుతూ.

"ఆ. డాక్టరమ్మ దర్శనమేగా, రోజూ అయింది," అన్నాడు క్రీస్తురాజు.

అలసిపోయిన మనిషి హాస్యం కొట్టు దాకా చేరలేదు. చేరింది మొదటి "ఆ" ఒక్కటే.

* * *

ఇంటికొచ్చి ఎలిశబెతు గోడకు జారబడబోయి ఆగింది. తల దేనికీ ఆనించకూడదు. ఆసుపత్రిలో ఉన్నన్నాళ్ళూ నిటారుగా కూర్చుని, పక్కకు ఒత్తిగిలి, చెంప కింద తువ్వాలు మడత పెట్టుకుని పడుకుంది. తలనొప్పి పోయింది గానీ మెడనొప్పి దాని జాగాలోకి వచ్చి కూర్చుంది.

"డాక్టరమ్మ 'ఫ్లాప్ చేస్తాం' అన్నప్పుడు నాకు కాళ్ళు ఆడలా," అన్నాడు క్రీస్తురాజు, పొయ్యి రాజేస్తూ. "సినిమా ఆడినాక గదా ఫ్లాపంటారు, ఈమె ఆడకముందే అంటుందేందబ్బా అనుకున్నా."

"నవ్వించబాకయ్యా. కుట్లు తీసిన చోట లాగతా ఉండాది."

ఫ్లాపంటే ఏమిటో డాక్టర్ భానుప్రియ అతని తువ్వాలుతోనే చూపించింది. కంతులు మూడు. పెద్దది బత్తాయంత. దాని మీది తోలు పలచబడి, పగిలి, పుండు పట్టింది. కంతితో పాటు ఆ తోలూ తీసేయాలి. తీస్తే మిగిలేది గుంట. డాక్టరమ్మ తువ్వాలు ఒక కొస అలాగే పట్టుకుని, రెండో కొసను తిప్పి ఆ గుంట మీదికి కప్పినట్టు చూపించింది. "ఎక్కడి నుంచో కొత్త చర్మం తేవడం లేదమ్మా. పక్కనున్న చర్మాన్నే తిప్పి కప్పుతాం. ఇదిగో, ఈ మొదలు మాత్రం తెగనివ్వం. నెత్తురు అక్కడి నుంచే రావాలి." అందుకు తలంతా గొరగాలని నర్సు చెప్పినప్పుడు ఎలిశబెతు జడను ఒకసారి ముందుకు వేసుకుని చూసుకుంది. "కానీయమ్మా. సగం ఉంచుకుని ఏం చేసుకోను," అంది.

ఆసుపత్రి నుంచి మనిషి తిరిగొస్తే సంఘమంతా పాటలు పాడుకుంటూ ఆ ఇంటికి రావడం చర్చి వీధి ఆనవాయితీ. బన్ను రొట్టెలు, అరటిపళ్ళు, ఆ వెనక కన్నీళ్ళతో ప్రార్థన. మర్నాడు సాయంత్రం ఎలిశబెతు అరుగు ఊడ్చి చాప పరిచింది. మంచినీళ్ళ బిందె మీద గ్లాసు బోర్లించింది. కొంగు నెత్తిన సర్దుకుని కూర్చుంది. చీకటి పడేవేళకు కంజర చప్పుడు వినిపించింది. దగ్గరికొచ్చింది. రెండిళ్ళ అవతల ఎవరి బిడ్డ పుట్టినరోజుకో ఆగింది. ఒక పాట, ఒక ప్రార్థన అయ్యాక వచ్చిన దారినే వెనక్కి వెళ్ళిపోయింది.

చాప మీదికి గాలి ఇసుకను తెచ్చి పోసింది. ఆమె దాన్ని దులిపి చుట్ట చుట్టింది.

"టీకొట్టులో ఒకటే రభస," అన్నాడు క్రీస్తురాజు వస్తూనే. "'కంతి తీయడానికి తలంతా గొరుగుతారా, మా బావమరిదికి వీపు మీద కంతి తీసినప్పుడు తల గొరగలేదే' అంటాడొకడు. 'ఆపరేషనైతే నెత్తికి కట్టేదీ' అంటాడు ఇంకొకడు. ఆసుపత్రి పేరు చెప్పి కొండకు పోయి గుండు కొట్టించుకొచ్చినామంట. లడ్డు సంచీ నా భుజాన చూసినారంట."

"నువ్వేమన్నావు?"

"అందరూ ఒక్కసారే అడిగితే ఎవరికని చెప్పేది?"

కొండెక్కని మనిషి మీద కొండేలు ఎక్కాయి. ఎలిశబెతు చేత్తో మెడ నొక్కుకుంది. "ఆదివారం చర్చిలో లేచి సాక్ష్యం చెప్పుకుంటాలే. అందాకా వాళ్ళ నోళ్ళు వాళ్ళయి."

* * *

నెలలో మొదటి ఆదివారం చర్చిలో ప్రభువు బల్ల, సంఘమంతా రొట్టే ద్రాక్షరసమూ పంచుకునే రోజు. ఆ బల్ల మీది ద్రాక్షరసం ఎలిశబెతు చేతిది. ఆమె అత్త చేసేది, అత్త తర్వాత ఈమె. శనివారం తెల్లవారాక నల్లద్రాక్షను గుత్తుల నుంచి దూసి, మెత్తబడినవి ఏరేసి, రెండు నీళ్ళలో కడిగి పొయ్యి మీద పెట్టింది. నెల్లూరు బస్టాండులో క్రీస్తురాజు కొన్న పళ్ళు. ప్రయాణంలో కొన్ని చితికాయి. తొక్కలు పగిలి రసం ఊదారంగుకు తిరుగుతుండగా పప్పుగుత్తితో మెల్లగా మెదపసాగింది. వంగితే తలలోకి నెత్తురు దిగినట్టు జివ్వుమంటోంది. వంగకుండా, ముక్కాలిపీట మీద కూర్చుని, చేయి చాపి మెదిపింది.

"అక్కా," అంటూ గుమ్మంలో కెజియా నిలబడింది. స్త్రీల సమాజానికి కార్యదర్శి. ఎప్పుడూ ఇంట్లోకే వచ్చే మనిషి ఇవాళ గడప దగ్గరే ఆగింది.

"రా. ఏంది పొద్దన్నే?"

"ఈ నెలకు రసం నన్ను చేయమన్నాడక్కా సంఘపెద్ద. గిన్నే, గ్లాసుల ట్రే తీసుకరమ్మన్నాడు."

ఎలిశబెతు పప్పుగుత్తి ఆపలేదు. "పొయ్యి మీద మరగతా ఉండాది. మంటతో సహా ఎత్తుకపోతావా?"

కెజియా చూపు ఎలిశబెతు నెత్తి మీది కొంగు దగ్గర తచ్చాడుతోంది.

"కూర్చోవే. వడగట్టి ఇస్తా. పోయిన నెల బెంచీలో నా పక్కన కూర్చుని, వాసనని ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకున్నావు. ఇప్పుడు వాసన లేదు, దగ్గరికొచ్చి కూర్చో."

కెజియా వచ్చి కూర్చుంది. తెల్లగుడ్డ ఒక అంచు ఎలిశబెతు పట్టింది, రెండో అంచు కెజియాకు ఇచ్చింది. గుడ్డ మీద తొక్కలు, గింజలు ఆగిపోతూ రసం సన్నగా కిందికి దిగింది. ఇద్దరి వేళ్ళకూ రంగు అంటింది. పిండేటప్పుడు ఒకరి చేతులు ఒకరికి తగిలాయి.

"నువ్వు నిజంగా పోయినావా అక్కా?"

"యాడికి?"

"ఏం లేదులే."

"చక్కెర వేసినా. నువ్వు మళ్ళా వేయబాకు," అని ఎలిశబెతు గిన్నె మీద పళ్ళెం మూసి, గ్లాసుల ట్రేను తుడిచి చేతికిచ్చింది. కెజియా వీధి మలుపు తిరిగేదాకా గిన్నె తొణకకుండా నడుస్తోందో లేదో చూస్తూ నిలబడింది.

* * *

సంఘపెద్ద పేరు సమాధానం. పేరుకే సమాధానం, వృత్తికి మాత్రం ప్రశ్న. మధ్యాహ్నం ఎండలో పాస్టరు మాథ్యూ గారిని వెంటబెట్టుకుని వచ్చాడు. పాస్టరు గారు కుర్రాయన. ఊరికి కొత్త. కుర్చీ అంచున కూర్చున్నాడు.

"ఏమ్మా ఎలిశబెతూ, ఊళ్ళో మాట విన్నావు గదా," అన్నాడు సమాధానం.

ఎలిశబెతు పీట మీద అటు తిరిగి కూర్చుని, నెత్తి మీది కొంగు తీసింది.

వీధిలో ఐసు బండి గంట మోగుతూ పోయింది. కొడవలిలా వంగి, నడినెత్తి నుంచి చెవి వెనక దాకా దిగిన గీత. గీతకు రెండు పక్కలా కుట్లు దిగిన చుక్కలు. ఒకచోట చర్మం కొంచెం ఉబ్బి, ఇంకా తన జాగా తనకు అలవాటు పడనట్టుంది. పాస్టరు గారు చూసి, గోడకున్న క్యాలెండరు వైపు మొహం తిప్పుకున్నాడు.

"నొప్పిగా ఉందామ్మా?" అని మెల్లగా అడిగాడు.

"నొప్పి లేదయ్యా. మొద్దుగా ఉండాది. నాది కానట్టుగా."

సమాధానం చాలాసేపు కండువాతో మెడ తుడుచుకున్నాడు. "కప్పుకో తల్లీ," అన్నాడు చివరికి. "నువ్వు కొండెక్కలేదు. కళ్ళతో చూసినాం. ఆ మాట నేనే అందరికీ చెప్తా. కానీ ఇంకోటి ఉండాది."

ఆ ఇంకోటి పొద్దున టీకొట్టులో పుట్టింది. వెంకటశేషమ్మ మొగుడు పద్మనాభయ్య మంచివాడు. మంచివాళ్ళకు కోపమొస్తే ఊరికి నష్టం. ఎలిశబెతు మీద పడ్డ మాట విని ఆగలేక, వెంకయ్య బల్ల గుద్ది, "ఆ మనిషి యాడా కొండెక్కలా. ఆమె కంతి పోవాలని మొక్కుకుని గుండు కొట్టించుకుంది మా ఆడది" అన్నాడు. ఆర్పుదామని పోసింది కిరసనాయిలు.

ఎలిశబెతు చేయి కొంగు సర్దుతూ సర్దుతూ ఆగింది. "నా కోసమా?"

"నీకు తెలియదా?"

"తెలియదు."

"అదే నేనూ అనుకున్నా," అన్నాడు సమాధానం, ఊపిరి తీసుకుని. "మనం ఉండేది గుప్పెడు మందిమి. ఇయ్యాళ దీన్ని వదిలేస్తే రేపు ప్రతి ఇంట్లోనూ ఒక మొక్కు దూరుద్ది. రేపు బల్లకు ముందు లేచి నిలబడు. ఆ మొక్కుకూ నాకూ ఏం సంబంధం లేదని ఒక్క ముక్క చెప్పు. అందరితో పాటు బల్లలో చేయి వెయ్యి. వచ్చే నెల నుంచి రసం నువ్వే చెయ్యి. అబద్ధం చెప్పమనడంలా గదా."

నిజమే, అబద్ధం చెప్పమనలేదు. ఆ సంగతే ఎలిశబెతును ఎక్కువ అలసిపోయేలా చేసింది.

* * *

సాయంత్రం పాలవేళకు ఆమె వెంకటశేషమ్మ కొట్టం దగ్గరికి పోయింది. వెంకటశేషమ్మ నెత్తికి తువ్వాలు చుట్టుకుని గేదె పొదుగు కడుగుతోంది. కంతి పగిలి, బెంచీల మీద జనం పక్కకు జరిగే రోజుల్లో, పంపుసెట్టు దగ్గర వేపాకు నీళ్ళతో ఆ పుండు కడిగింది ఆ చేతులే.

"బస్టాండులో అడిగితే గేదె ఈనినందుకు మొక్కన్నావు గదక్కా?"

పాలధార ఆగలేదు. "మా ఆయన వాగినాడంట గదా. చిక్కం దూడకు గాదు, ఆయనకు కట్టాల."

"నన్ను ఒక్క మాట అడగలేదే."

"అడిగితే వద్దంటావు. నీ దేవుణ్ణి నువ్వు అడుక్కుంటివి. ఆయనతో నాకు మాటల్లేవు. నాకు తెలిసినాయన దగ్గరికి నేను పోతిని."

"ఎంత జుట్టక్కా నీది."

"పేలు కూడా అంతే ఉండె. పోనీలే."

ఎలిశబెతు కొట్టం గుంజ పట్టుకుని కూర్చుంది. గేదె ఆమె వైపు మెడ తిప్పి చూసి, మళ్ళీ గడ్డిలో మూతి పెట్టింది. "ఆ మొక్కుకూ నాకూ సంబంధం లేదని రేపు చర్చిలో చెప్పమంటుండారు. చెప్తే బల్ల. లేకుంటే లేదు."

ఈసారి ధార ఆగింది.

"చెప్పు మరి," అంది వెంకటశేషమ్మ. "నిజమే గదా. నేను చేసిన దానికి నీకేం తెలుసు? ఎన్నాళ్ళ నుంచో చేస్తుండావు ఆ రసం పని. నా మూలాన పోవాల్నా? చెప్పెయ్."

మాట మామూలుగానే వచ్చింది. చెంబులో పాలు వంచి ఎలిశబెతు గిన్నెలో పోసింది. ఒక గుక్కెడు ఎక్కువే పోసింది. కానీ పోశాక, తడిచేత్తోనే, తన నెత్తి మీది తువ్వాలును ముందుకు లాక్కుంది. నుదురంతా కప్పుకునేదాకా లాక్కుంది. కొండ నుంచి దిగినప్పటి నుంచి ఆమె ఆ గుండును ఎవరి ముందూ దాచుకోలేదు.

ఎలిశబెతు పాలగిన్నె పట్టుకుని ఇంటికి వచ్చింది. ఆ రాత్రి ఏ పక్కకు ఒత్తిగిలినా తల బరువుగానే ఉంది.

* * *

బల్ల మీద తెల్లగుడ్డ పరిచారు. దాని మీద రొట్టె, పక్కన గ్లాసుల ట్రే. ఎండ కిటికీలోంచి పడి గ్లాసుల్లో రసం మెరుస్తోంది. రంగు సరిగ్గా వచ్చింది. ఎలిశబెతు ఆడవాళ్ళ వైపు బెంచీ మీద, అంచున కూర్చుంది. రేకుల కప్పు కింద ఫ్యాన్లు వేడిగాలినే తిప్పి తిప్పి పంచుతున్నాయి.

పాటయ్యాక సమాధానం లేచాడు. ఇచ్చిన మాట నిలుపుకున్నాడు. "మన సహోదరి తల నేనూ పాస్టరు గారూ చూసినాం. అది ఆపరేషనే. టీకొట్టు మాటలు ఎవరూ నమ్మబాకండి. మిగిలిన ముక్క ఆమే చెప్పుద్ది." ఆడవాళ్ళ వైపు గాజులు గలగలమన్నాయి. ఎవరో "స్తోత్రం" అన్నారు.

ఎలిశబెతు మోకాలి మీద చేయి ఆనించి లేచింది.

"అందరికీ వందనాలు. డాక్టరమ్మ కంతులు తీసి, పక్క చర్మం తిప్పి కప్పింది. మీరు ప్రార్థన చేసినారు. దేవుడు విన్నాడు." ఆమె ఆగింది. సమాధానం తల ఊపాడు, కానీ, కానీ అన్నట్టు. "వెంకటశేషమ్మక్క నా కోసం గుండు కొట్టించుకుంది. నాకు తెలియదు. తెలిసుంటే వద్దనేదాన్ని."

సమాధానం మొహం విచ్చుకుంది.

"ఇప్పుడు తెలిసింది. తెలిసినాక, నాకూ దానికీ సంబంధం లేదని చెప్పలేను."

అని నిలబడే ఉంది. కూర్చోవడం కూడా ఒక పనిలా అనిపించింది. సమాధానం బల్ల దగ్గర నుంచి నడిచి వచ్చి, ఆమెకు మాత్రమే వినపడేటట్టు వంగాడు. అతని గొంతులో కోపం లేదు, బతిమాలుకోవడమే ఉంది.

"ఒక్క మాట, తల్లీ. ఆమె ఇక్కడ లేదు. ఆమెకు వినపడదు గదా."

"నాకు వినపడుద్ది గదయ్యా," అని ఎలిశబెతు కూర్చుంది.

రొట్టె ముక్కల పళ్ళెం ఆమెను దాటి వెళ్ళింది. తర్వాత ట్రే వచ్చింది. పట్టుకున్నది కెజియా. ఎలిశబెతు ముందుకు వచ్చేసరికి కెజియా అడుగు ఆగిపోయింది. గ్లాసులు ఒకదానికొకటి తగిలి సన్నగా మోగాయి. బల్ల దగ్గర సమాధానం దగ్గాడు. ట్రే ముందుకూ పోలేదు, వెనక్కూ పోలేదు. ఎలిశబెతు రెండు చేతులూ చాపి, ట్రే అడుగు పట్టి, ఒక్క చుక్క తొణకకుండా పక్కనున్న ముసలమ్మ దగ్గరికి జరిపింది.

అందరూ తాగారు. ఎవరి మొహంలోనూ పులుపు కనపడలేదు. చక్కెర సరిపోయింది.

* * *

సంఘం చెదిరిపోయాక గ్లాసులు కడగడానికి ఎప్పటిలాగే ఎవరూ ఆగలేదు. ఎవరూ వద్దనని పని కాబట్టి ఎలిశబెతు వెనకవైపు కుళాయి దగ్గర కూర్చుంది. కాసేపటికి కెజియా వచ్చి, పక్కన గొంతుకూర్చుని, కడిగినవి తీసుకుని గుడ్డతో తుడవసాగింది. చివరికి కెజియా కొంగు చాటు నుంచి ఒక గ్లాసు తీసి గట్టు మీద పెట్టింది. నిండుగా ఉంది.

"ఇది మిగిలిందక్కా."

ఎలిశబెతు ఆ గ్లాసును చూసింది. "మిగల్లా. మిగిల్చినావు."

కెజియా తల వంచుకుంది. "తాగక్కా. ఎవరూ చూడడంలా."

"బల్ల దగ్గర పెట్టనిది కుళాయి దగ్గర ఎందుకే." మాటలో పదును లేదు. ఎలిశబెతు గ్లాసు ఎత్తి, మిగిలిన రసాన్ని ఎప్పుడూ పోసేచోటే, నందివర్ధనం మొదట్లో పోసింది. గ్లాసు కడిగి చేతికిచ్చింది. "ఇది కూడా తుడువు. వచ్చే నెల పళ్ళు చితికినవి తెచ్చుకోబాక. నన్ను పిలువు, గుడ్డ పట్టుకుంటా."

ఎండ నెత్తిన నిలిచింది. ఇంటివైపు పోవలసిన కాళ్ళు కొట్టం వైపు తిరిగాయి. వెంకటశేషమ్మ వేపచెట్టు నీడలో మంచం మీద కూర్చుని చేటలో బియ్యం ఏరుతోంది. నెత్తిన తువ్వాలు ఉంది.

"చెప్పినావా?"

"చెప్పినా."

"ఏమని?"

"ఉన్నదున్నట్టు. మజ్జిగ ఉంటే ఇయ్యక్కా, నోరెండిపోతా ఉండాది."

వెంకటశేషమ్మ ఆమె మొహంలోకి చూసింది. లోపలికి పోయి చెంబుతో మజ్జిగ తెచ్చింది. ఎలిశబెతు గుక్క తిప్పుకోకుండా తాగి, చెంబు దింపి, నెత్తి మీది కొంగు తీసి ఒళ్ళో వేసుకుంది.

"వెనక చెమటకు చురచురమంటుంది. కొంచెం చూడు."

వెంకటశేషమ్మ ఆమె వెనక్కి వచ్చి నిలబడింది. ఆ గీతను పట్టపగలు, తీరిగ్గా చూడడం ఆమెకు ఇదే మొదటిసారి. వేలితో తాకబోయి ఆగి, ఊది, తన నెత్తికున్న తువ్వాలు విప్పి దాని మెత్తటి కొసతో చెమట అద్దింది.

"ఇక్కడ వెంట్రుకలు మొలుస్తాయా?"

"మొలుస్తాయంట. అయితే అడ్డం తిరిగి మొలుస్తాయంట. పక్క నుంచి వచ్చిన తోలు గదా, దాని నడక దానిదే. ఎంత దువ్వినా మాట వినవన్నది డాక్టరమ్మ."

"అయితే పాపిట కొత్తగా తీసుకోవాల."

"ముందు రానీ."

వెంకటశేషమ్మ మంచం మీద పక్కనే కూర్చుంది. చేట ఇద్దరి మధ్యకూ జరిపింది. ఇద్దరూ బియ్యంలో రాళ్ళు ఏరసాగారు. సముద్రపు గాలి మళ్ళీ ఒక్క విసురు విసిరింది. ఈసారి జారడానికి ఎవరి నెత్తి మీదా ఏమీ లేదు.